తొలి తరం రాస్‌బెర్రీ పై బోర్డుకు ఆపరేటింగ్ సిస్టమ్‌ను పోర్ట్ చేయడం ఎలా?

రాయగడలో చదువుతున్న తెలుగు విద్యార్థి ఒకరు, తమ కళాశాలలో మిగిలిన 2012 నాటి రాస్‌బెర్రీ పై (ఒకే బోర్డుపై ఉండే చిన్న కంప్యూటర్) బోర్డులపై మామూలు డెబియన్ (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎందుకు నడవదని, మరొక వ్యవస్థను పోర్ట్ చేయవచ్చా, అంటే ఆ బోర్డుపై నడిచేలా మార్చవచ్చా అని అడిగారు.

కారణం ప్రాసెసర్‌లోనే ఉంది. అది ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్లలో పాతదైన ఏఆర్‌ఎమ్‌వీ6 తరానికి చెందినది. ఏఆర్‌ఎమ్ బోర్డుల కోసం డెబియన్ ఇచ్చే ఆర్మ్‌హెచ్‌ఎఫ్ ప్యాకేజీలు తర్వాతి తరమైన ఏఆర్‌ఎమ్‌వీ7 కోసం కంపైల్ అయినవి (దాని యంత్ర ఆదేశాలుగా మారినవి) కనుక, ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం ఎదురైన చోటనే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అందుకే అప్పట్లో డెబియన్‌ను ఈ బోర్డుకు అనువుగా మలచిన రాస్పియన్ బృందం వేలాది ప్యాకేజీలను ఏఆర్‌ఎమ్‌వీ6 కోసం తిరిగి కంపైల్ చేసింది. అది నిజంగా మెచ్చదగిన శ్రమ.

పోర్టింగ్‌లో అసలు కష్టం కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని, కంపైల్ చేయడంలో లేదు. ఇంటరప్ట్ కంట్రోలర్ (పరికరాల నుంచి వచ్చే సంకేతాలను ప్రాసెసర్‌కు చేర్చే భాగం), టైమర్, సీరియల్ పోర్టు మెమరీలో ఏ చిరునామాల వద్ద ఉన్నాయో డివైస్ ట్రీలో (బోర్డులోని భాగాలను కెర్నల్‌కు తెలిపే వివరణ ఫైలు) పొరపాటు లేకుండా వివరించడంలోనే ఉంది. కాబట్టి అన్నిటికంటే ముందు సీరియల్ కన్సోల్‌ను, అంటే కెర్నల్ సందేశాలను సీరియల్ తీగల ద్వారా మరో కంప్యూటర్‌లో చూపే ఏర్పాటును, పనిచేయించండి. బోర్డుపై దాని పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సంకేతం ఇస్తే బోర్డు దెబ్బతినవచ్చు. కన్సోల్‌లో సందేశాలు రావడం మొదలైతే, కెర్నల్ ఎక్కడ నిలిచిపోతున్నదో వెతకడం చాలా సులభమవుతుంది.

నేర్చుకోవడానికి నెట్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోమని నా సలహా. ఈ బోర్డుకు అందులో ఇప్పటికే మద్దతు ఉన్నందున, పనిచేసే కోడ్‌ను చదువుతూ మార్పులు చేయవచ్చు. దాని బిల్డ్ స్క్రిప్టు క్రాస్ కంపైలర్‌తో (ఒక కంప్యూటర్‌పై మరో రకం ప్రాసెసర్ కోసం కంపైల్ చేసే సాధనం) సహా సమస్తాన్ని మీ ల్యాప్‌టాప్‌లోనే సిద్ధం చేస్తుంది. 256 లేదా 512 ఎంబీ మెమరీ గల బోర్డుపైనే కంపైల్ చేయబోవడం వృథా ప్రయాస.