ర్యామ్ స్లాట్‌లో కూర్చోవట్లేదా? బలవంతం చేయకండి

బ్రదర్, బి550 మదర్‌బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ కొన్నాను, డీడీఆర్5 ర్యామ్ మాత్రం స్లాట్‌లో దిగట్లేదు అన్నారు కదా, దయచేసి గట్టిగా నొక్కకండి, ఆ బోర్డు అంతకుముందు తరం డీడీఆర్4 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది. రెండిటికీ పిన్నులు 288 అయినా మధ్యలో గాటు ఉండే చోటు వేరు, పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఇవాళే షాపుకెళ్లి మార్చమని అడగండి. 3200 స్పీడువి 8 జీబీ స్టిక్కులు రెండు చాలు, నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి.

ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొంటానన్నారు, కానీ 5600లో గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు హెచ్‌డీఎంఐకి కేబుల్ పెట్టినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్ డబ్బా ఇంకా తెరవకపోతే గ్రాఫిక్స్ లోపలే ఉండే 5600జీకి మార్చుకోండి. క్యాబినెట్‌తో వచ్చే చవక ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మాత్రం వద్దు, నాకు అలాంటిదే కాలిపోయి బోర్డు కూడా పోయింది.