స్థలం ఉంది, ఆస్పత్రికి కట్టడానికి డబ్బు లేదు

ప్రశ్న: టెక్కలిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని, జీతం రూ.30 వేలు. మా పాపకు ఆరేళ్ల వయసులో మెదడులో కణితి తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు పద్నాలుగేళ్లు. గత నెల హఠాత్తుగా మెదడులో రక్తస్రావమై విశాఖలో ఆపరేషన్ చేయించాం. నోటు రాసి మూడు రూపాయల వడ్డీకి రూ.4 లక్షలు తెచ్చాను. మందులకు, ఫిజియోథెరపీకి ఫోన్ యాప్‌లో మరో లక్ష తీసుకోవచ్చా? ఐదు సెంట్ల స్థలం, మా ఆవిడ బంగారం ఎనిమిది తులాలు ఉన్నాయి. మూలపేట పోర్టు వస్తే ధర పెరుగుతుందని స్థలం అమ్మలేదు.

జవాబు: యాప్ అప్పు ఆలోచన ఈరోజే మానుకోండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెలకు రూ.12 వేలు కడుతున్నా అసలు పైసా కూడా తగ్గదు. స్థలం ధర ఏటా రూ.1.44 లక్షలు పెరిగితే గానీ ఆ వడ్డీకి సరిపోదు. పోర్టు ఎప్పుడు వచ్చినా, వడ్డీ మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

గండం గడిచిందనుకుని ఉన్న డబ్బంతా స్థలంలో పెట్టడం మన జిల్లాలో చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. చిన్నతనంలో మెదడుకు రేడియేషన్ పొందిన కొందరిలో, కణితి తిరిగి రాకపోయినా, ఏళ్ల తర్వాత అక్కడి రక్తనాళాలు దెబ్బతిని రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంటుంది. అందువల్ల ఇతరులకు ఆరు నెలల ఖర్చు సరిపోతే, మీకు ఏడాది ఇంటి ఖర్చుతో పాటు ఎం.ఆర్.ఐ.లకు, విశాఖ ప్రయాణాలకు అయ్యే మొత్తం కూడా అత్యవసర నిధిగా చేతికి అందేలా ఉండాలి. ఇంటి ఖర్చు నెలకు రూ.15 వేలనుకుంటే అది సుమారు రూ.2.5 లక్షలు. అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కేటప్పుడు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం తెరిచి ఉండదు కదా.

స్థలం అమ్మకానికి పెట్టండి. అది తెగేలోగా బంగారాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టి నోటు బాకీ తీర్చండి. రూపాయి వడ్డీ పడినా నెలకు రూ.4 వేలే అవుతుంది. బాకీ తీర్చిన రోజే నోటు వెనుక చెల్లు వేయించుకుని, నోటును తిరిగి తీసుకోండి. అమ్మిన డబ్బుతో ముందు బంగారం విడిపించి, తర్వాత నిధిని నింపండి. అది నిండే వరకు చిట్టీ గానీ, మరో స్థలం గానీ వద్దు.

పీఎఫ్ ఉంటే వైద్య అడ్వాన్సు అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉందేమో తదుపరి చికిత్సకు ముందే ఆస్పత్రిలో కనుక్కోండి. పాపకు ఆరోగ్య బీమా తీసుకునేటట్లయితే పాత కణితిని దాచకండి, దాస్తే క్లెయిమే పోతుంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు, అందుకు ఆపరేషన్ బిల్లుల అసలు ప్రతులు భద్రపరచండి.