బ్యాండు వ్యాన్ మార్చేముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బ్యాండులో ఆరుగురం. వాయిద్యాలు, సౌండు సామాను వ్యాన్‌లో వేసుకుని ఊరూరా ప్రోగ్రాములు ఇస్తాం. వ్యాన్ 3 లక్షల కిలోమీటర్లు దాటింది. క్లచ్ జారుతోంది, పక్క తలుపు కింద తుప్పు పట్టింది. బాగుచేయించాలా, మార్చేయాలా?

జవాబు: క్లచ్ అరిగేదే, మార్చుకునేదే. దాన్ని చూసి వ్యాన్ వదులుకోనక్కర్లేదు. తేల్చాల్సింది తుప్పు సంగతి. బండిని లిఫ్టు ఎక్కించి, కమాన్ కట్టలు చాసిస్‌కు బిగించిన చోట, జాకీ పెట్టే చోట, తలుపుల కింద బాడీ అంచు వెంబడి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. పైపెచ్చు రాలితే ఫర్వాలేదు. మొన లోపలికి దిగిందంటే ఆ రేకులో పస లేనట్టే. తలుపు కింద ఒక్కచోటే అయితే కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించవచ్చు. కమాన్ కట్టల దగ్గర రెండు మూడు చోట్ల దిగితే ఇక ఖర్చు పెట్టకండి. మంచి రేకు దొరికేదాకా కోసుకుంటూ పోవాలి, కూలి ఎక్కడ ఆగుతుందో మెకానిక్ కూడా చెప్పలేడు.

ప్రశ్న: ఈసారి పెద్ద వ్యాన్ కొందామనుకుంటున్నాం. ఎంత పెద్దదైతే సరిపోతుంది?

జవాబు: చోటు చూసి కొనేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది బరువు. మీ లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: ఆరుగురు మనుషులు 450 కిలోలు, బట్టల బ్యాగులు 70, డ్రమ్స్ స్టాండ్లతో సహా 60, రెండు గిటార్ ఆంప్లు (ఆంప్లిఫయర్లు) 50, బేస్ ఆంప్, దాని స్పీకరు పెట్టె క్యాబినెట్ కలిపి 50, కేసుతో కీబోర్డు 35, స్పీకర్లు, సబ్ వూఫర్లు 110, మిక్సర్, మైకులు, కేబుళ్లు 60. మొత్తం 885. అటూ ఇటూ అవుతుంది కాబట్టి వెయ్యి అనుకోండి. బండి మీద బిగించిన ప్లేటులో గరిష్ఠ బరువు ఉంటుంది. అందులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీరు ఎక్కించగలిగింది. ఖాళీ బరువులో డ్రైవరునూ డీజిల్‌నూ కలిపారో లేదో చూసుకోండి. అదనంగా బిగించిన సీట్లు, సీట్లకూ సామానుకూ మధ్య అడ్డంగా పెట్టే పార్టిషన్ ఈ మిగులునే తినేస్తాయి.

పొడవాటి వ్యాన్లలో ఇంకో చిక్కుంది. వెనక యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) అవతల మీటరు దూరంలో 100 కిలోలు పెట్టారనుకోండి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3.3 మీటర్లయితే వెనక యాక్సిల్ మీద 130 కిలోలు పడతాయి, ముందు 30 తేలిపోతాయి. స్టీరింగ్ తేలిక కావడం, తడి రోడ్డు మీద ముందు చక్రాల పట్టు తగ్గడం దీనివల్లే. అందుకే బేస్ క్యాబినెట్, సబ్ వూఫర్లు సీట్లకు ఆనించి కింద పెట్టాలి. బట్టల బ్యాగులు వెనక తలుపు దగ్గర. సామాను ఎక్కించాక, మనుషులు కూర్చునే ఉండగా, వేబ్రిడ్జి మీద ముందు, వెనక యాక్సిళ్లను విడివిడిగా తూయించండి. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా వెనక యాక్సిల్ హద్దు దాటడం మామూలే.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ డీజిల్ వ్యాన్ చూడబోతున్నాం. ఏమేం పరీక్షించాలి?

జవాబు: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడం మీ కళ్లతో చూడాలి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గక, కూలెంట్ కూడా తరుగుతుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య సీలును) అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత మెల్లగా వదులు చేయండి. కాస్త ఆవిరి సహజమే, భుస్సుమని తన్నితే పిస్టన్ రింగులు అరిగాయి. న్యూట్రల్‌లో గలగలమనే చప్పుడు క్లచ్ తొక్కగానే మారితే గేర్‌బాక్స్ బేరింగో, ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలో పోయింది. క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చే పని కాదు. టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్ల కదలికకు సరిపోయేలా నడిపే బెల్ట్) ఉన్న బండైతే దాన్ని మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేదంటే బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ కలిపి మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనాలి. చాలా ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. అడుగున కొత్తగా నల్లరంగు పూసి ఉంటే సంతోషించకండి, దాని కింద ఏముందో గోకి చూడండి.

ప్రశ్న: సీట్ల వెనక ప్లైవుడ్ అడ్డం పెడితే చాలదా?

జవాబు: చాలదు. 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకుని అర మీటరులో ఆగిన బండిలో 25 కిలోల ఆంప్ దాదాపు అర టన్ను బలంతో ముందుకొస్తుంది. ప్లైవుడ్ చీలిపోతుంది. చాసిస్‌కు బోల్టులతో బిగించిన స్టీలు పార్టిషన్ కావాలి. బోల్టు అవతల వెడల్పాటి ప్లేటు పెట్టకపోతే రేకు చిరిగి బోల్టు ఊడొస్తుంది. పార్టిషన్ ఉన్నా బరువైన కేసులను రాచెట్ బెల్టులతో ఫ్లోర్ కొక్కేలకు కట్టాల్సిందే.

ప్రశ్న: టైర్లకు గాడి బాగానే ఉంది, పక్కల సన్నటి పగుళ్లున్నాయి. నడపవచ్చా?

జవాబు: నిండు బరువుతో వద్దు. టైరు పక్కన DOT (డీఓటీ) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి: 3518 అంటే 2018లో 35వ వారం తయారీ. కొత్తవి వేయించేటప్పుడు కారు టైర్లు కాదు, బరువు సూచీ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) సరిపోయే వ్యాన్ టైర్లే అడగండి.