స్ట్రిప్‌లో ఏమీ లేదన్నారు, మంట మాత్రం తగ్గలేదు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాకు 36 ఏళ్లు. మూడు రోజులుగా మూత్రంలో ఒకటే మంట, అరగంటకోసారి వెళ్లాల్సి వస్తోంది. ల్యాబ్‌లో స్ట్రిప్ ముంచి చూసి ఇన్ఫెక్షన్ లేదన్నారు. మా అత్తగారికి 74 ఏళ్లు, ఏ బాధా లేదు. షుగర్ పరీక్షలకని వెళ్తే అదే స్ట్రిప్ చూసి ఇన్ఫెక్షన్ ఉందని యాంటీబయాటిక్ రాశారు. ఏది నమ్మాలి డాక్టరు గారూ?

జవాబు: ముందు మీ బాధనే నమ్మండమ్మా. ఆ స్ట్రిప్ మీద ఇన్ఫెక్షన్ సంగతి చూసే గడులు ముఖ్యంగా రెండు, ఒకటి నైట్రైట్‌ది, ఇంకోటి తెల్లకణాలది, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే రక్తకణాలది. మూత్రంలో మామూలుగా ఉండే నైట్రేట్‌ని ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి, దానికి మూత్రం లోపల ఓ 4 గంటలైనా నిలవుండాలి, మీరేమో అరగంటకోసారి వెళ్తున్నారు, ఇక అది తయారయ్యేదెప్పుడు? ఎంటరోకాకస్ లాంటివైతే ఎంతసేపున్నా నైట్రైట్ చెయ్యవు. కాబట్టి మీలా మంట ఉన్నవాళ్లకి ఆ గడి గులాబీ రంగు తిరిగితే చాలావరకు నమ్మొచ్చు, తిరగలేదని ఇన్ఫెక్షన్ లేదనుకోకూడదు.

ఎలా చూశారన్నదీ ముఖ్యమే. సాధారణంగా నైట్రైట్ గడిని 60 సెకన్లకి, తెల్లకణాల గడిని 2 నిమిషాలకి చూడాలి. ముంచి తీసి వెంటనే చెప్పేస్తే రెండోది రంగు తిరిగే టైమే ఉండదు. పైగా మన కోనసీమ గాలికి డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే వాటి గతీ అంతే.

మీరు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే యూరిన్ కల్చర్‌కి, అంటే మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకి ఇవ్వండి. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి మధ్యధార పట్టాలి. ఇంట్లో పట్టి అమలాపురం దాకా ఎండలో బస్సులో తీసుకెళ్లొద్దు, దారిలోనే బ్యాక్టీరియా పెరిగిపోతాయి, ల్యాబ్‌లోనే ఇవ్వండి. రిపోర్టుకి ఒకటి రెండు రోజులు పడుతుంది, మంట ఎక్కువగా ఉంటే అప్పటిదాకా ఆగకుండా డాక్టరు మందు మొదలుపెట్టొచ్చు. తెల్లబట్ట, దురద ఉంటే అదీ చెప్పండి, కారణం వేరే కావచ్చు.

ఇక అత్తగారి సంగతి. ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటాయి, షుగర్ ఉన్నా సరే వాటికి మందు అక్కర్లేదు. గర్భిణుల విషయం మాత్రం వేరు, వాళ్లకి బాధ లేకపోయినా వైద్యం చెయ్యాలి. స్ట్రిప్ చూసి పెద్దవాళ్లకి యాంటీబయాటిక్ రాసెయ్యడం నాకు చాలా బాధ కలిగించే విషయం, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచెయ్యకపోవచ్చు. ‘ఆవిడకి మంటా జ్వరం ఏమీ లేవు, ఇది వాడాలా?’ అని రాసిన డాక్టరునే అడగండి.

కొబ్బరి నీళ్లు తాగండి, మంచిదే, కానీ వాటితో ఇన్ఫెక్షన్ పోదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండమ్మా.