ఆన్సైరోమోనాస్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. పులుల గురించి, తిమింగలాల గురించి రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, సుమారు 5 మైక్రోమీటర్లు ఉండే ఆన్సైరోమోనాస్ అనే ఒక ఏకకణ జీవి కోసం కూర్చుని ఇన్ని పేజీలు రాసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు చెప్పు! ఆ సంతోషంతోనే మొహమాటం లేకుండా చెప్తున్నా: నీ వ్యాసంలో ఆన్సైరోమోనాస్ ఇంకా కదల్లేదు.

మొదటి పేజీ అంతా సృష్టి రహస్యం, కంటికి కనిపించని అద్భుత లోకం, ప్రకృతి లీల. ఈ మాటలు అమీబా గురించి రాసినా సరిపోతాయి, పుప్పొడి గురించి రాసినా సరిపోతాయి, అంటే ఈ జీవి గురించి ఏమీ చెప్పనట్టే కదా. ఆ పేజీ మొత్తం తీసెయ్. చదివేవాణ్ణి నేరుగా మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టు.

సముద్రపు ఇసుక, చెరువు అడుగున ఉండే మట్టి, మామూలు నేల, ఇవన్నీ ఈ గుంపు జీవులు బతికే చోట్లే. అలాంటి నమూనాలోంచి ఒక చుక్క స్లైడు మీద వేసి చూస్తే మొదట ఏమీ అర్థం కాదు, మట్టి రేణువులు, బాక్టీరియా, చెత్త. చిన్న చిన్న రేణువులన్నీ నీటి అణువుల తాకిడికి ఉన్నచోటే వణుకుతుంటాయి. కాసేపు ఓపిగ్గా చూస్తే వాటి మధ్యలో ఒకటి వణకడం లేదని, ఒక దిక్కు పట్టుకుని నింపాదిగా పోతోందని తెలుస్తుంది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఆ క్షణాన్ని పాఠకుడి కళ్లకు చూపించగలిగితే తర్వాత నువ్వు ఎంత కష్టమైన సంగతి చెప్పినా వింటాడు.

ఒకచోట 'ఈదుతుంది' అన్నావు, ఇంకోచోట 'పాకుతుంది' అన్నావు. ఇది రెండూ చెయ్యదు. ఈదే జీవి కశాభంతో, అంటే కొరడాలాంటి సన్నటి తోకతో, నీటిని కొట్టి ముందుకెళ్తుంది, అమీబా అయితే ఒంటినే సాగదీసి జరుగుతుంది. ఆన్సైరోమోనాస్ శరీరం చదునుగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది, పైపొర కింద సన్నటి గట్టి పొర ఉండటం వల్ల అమీబాలా ఒళ్లు సాగదు. దీనికి కశాభాలు రెండు. వెనకది పొడుగ్గా గాజుకు ఆనుకుని ఈడ్చుకుంటూ వస్తుంది, ముందుది ఎంత సన్నగా ఉంటుందంటే మామూలు మైక్రోస్కోప్‌లో చాలాసార్లు అసలు ఉందో లేదో కూడా తెలియదు. ఆ వెనక కశాభం ఆధారంగా కణం మొత్తం ఉపరితలం మీద జారుతూ పోతుంది. అలా పోతూ పోతూ ముందు భాగాన్ని అటూ ఇటూ ఊపుతుంటుంది. ముందువైపు ఒక పక్కకు ముక్కులా పొడుచుకొచ్చిన భాగం ఉంది చూశావా, దాని లోపల కణం బయటికి విసరగల సూక్ష్మ కణికలు వరసగా ఉంటాయి. ఆ ముక్కుతోనే ఉపరితలానికి అంటుకున్న బాక్టీరియాను వెతికి పట్టుకుని తింటుంది. జారడం, ఊగడం, వెతకడం, తినడం: ఇదంతా కలిపి ఒకే పనిలా నీ వాక్యాల్లో కనిపించాలి. నువ్వేమో శరీర నిర్మాణం ఒక పేరాలో, ఆహారం ఇంకో పేరాలో, చలనం మరో పేరాలో పెట్టి పాఠ్యపుస్తకంలా చేసేశావు, దాంతో ముక్కు ఎందుకుందో చదివేవాడికి ఎక్కడా తెలియలేదు. ఈ భాగానికి ఎంత చోటు కావాలంటే అంత తీసుకో, ఇక్కడ పొదుపు చెయ్యకు.

ఒక జాగ్రత్త. జారే చలనం గురించి వెతికితే క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ శైవలం మీద జరిగిన పరిశోధనలు దొరుకుతాయి. దాని కశాభంలో పదార్థాలను మోసే మోటారు ప్రోటీన్లే, కశాభం పొర ఉపరితలానికి అతుక్కున్నచోట, కణాన్ని ముందుకు లాగుతాయని అక్కడ చూపించారు. చాలా అందమైన సంగతి, నీకు రాయాలని చెయ్యి దురద పెడుతుందని నాకు తెలుసు. రాయి, కానీ క్లామిడోమోనాస్ పేరుతోనే రాయి. ఒక జీవిలో తేలిన విషయాన్ని పక్క జీవికి అంటగట్టే అలవాటు మన సైన్సు రచనల్లో బాగా ముదిరిపోయింది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన వాక్యం: 'మనందరి ఆదిమ పూర్వీకుడు'. ఇది మన పూర్వీకుడు కాదు తమ్ముడూ. ఈరోజు స్లైడు మీద జారుతున్న ఆన్సైరోమోనాస్ కూడా మనలాగే ఈరోజు జీవే. మన వంశం ఎంతకాలం పరిణామం చెందిందో దానిదీ అంతే కాలం పరిణామం చెందింది. శాస్త్రవేత్తలు అనేది వేరు: నిజకేంద్రక జీవుల (కణంలో పొర చుట్టుకున్న కేంద్రకం ఉన్నవాటి) వంశవృక్షంలో దీని కొమ్మ చాలా లోతుల్లో, మొదలుకు దగ్గరగా విడిపోయి ఉండొచ్చని, అది కచ్చితంగా ఎక్కడ అన్నదాని మీద వాదనలున్నాయని. జంతువులు, శిలీంధ్రాలు, మొక్కలు అనే మనకు తెలిసిన పెద్ద గుంపులు వేటిలోనూ ఇది ఇమడదు. ఇలా చుట్టాలు తెలియని జీవులు ఇంకా ఉన్నాయి. ఇలాగే జారుతూ పోయే మాంటామోనాస్‌ను 2011లో వర్ణించారు, 2018లో జన్యు సమాచారం ఆధారంగా దాన్ని కొలోడిక్టియోనిడ్లు, రిజిఫిలిడ్లు అనే మరో రెండు గుంపులతో కలిపి క్రమ్స్ అనే కొత్త పెద్ద సమూహంగా గుర్తించారు. ఏడేళ్ల తేడాలో ఒక జీవికి బంధువులు దొరకడం ఎంత పెద్ద వార్త! ఆదిమం, ప్రాచీనం లాంటి పెద్ద మాటలు లేకుండానే పాఠకుడు లేచి కూర్చుంటాడు.

పేర్ల చరిత్ర నాలుగు వాక్యాల్లో తేల్చెయ్. సావిల్ కెంట్ అనే ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త 1880లో ఆన్సైరోమోనాస్ అని పేరు పెట్టాడు, 2008లో ఇలాంటి జీవులకు ప్లానోమోనాస్ అనే కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వచ్చింది, 2010లో మరికొందరు పరిశోధకులు అది ఆన్సైరోమోనాసేనని వాదించి పాత పేరునే నిలబెట్టారు. ఇంతకు మించి లాగితే వ్యాసం జారిపోతుంది.

'ఇవి లేకపోతే భూమ్మీద జీవమే ఉండదు' అనే ముగింపు కూడా తీసెయ్యాలి. బాక్టీరియాను తినే సూక్ష్మ కశాభ జీవులన్నీ కలిసి చేసే పని చాలా పెద్దదే, అవి తిన్నప్పుడు బాక్టీరియాలో చిక్కుకున్న పోషకాలు మళ్లీ నీటిలోకి, మట్టిలోకి వస్తాయి, వాటిని తినే పెద్ద జీవుల వరకు ఆహారం అందుతుంది. ఇది చెప్పు, గట్టిగా చెప్పు. కానీ ఆ భారమంతా ఒక్క ప్రజాతి నెత్తిన పెట్టకు. మనిషికి ఏం ఉపయోగం అని ఎవరో అడుగుతారన్న టెన్షన్‌తోనే నువ్వు ఆ వాక్యం రాశావనిపిస్తోంది. అడగనీ. బాక్టీరియా కోసం ముక్కు ఊపుకుంటూ వెతికే ఒక జీవి ఉందని తెలుసుకోవడమే నీ పాఠకుడికి చాలు, నాకైతే చాలింది.

మళ్లీ రాసే ముందు దీని వీడియోలు వెతికి చూడు, వేగం తగ్గించి చూడు, చూస్తూ క్రియాపదాలు మాత్రమే కాగితం మీద రాసుకో. విశేషణాలు తర్వాత చూసుకుందాం. కొలతలు ఏ పరిశోధనా పత్రంలోంచి తీసుకున్నావో ప్రతి అంకె పక్కనా రాసి పంపు, నీ వ్యాసంలో ఒకచోట మైక్రోమీటర్‌కు బదులు మిల్లీమీటర్ పడింది, అలా అయితే అది వెయ్యి రెట్లు పెద్దదైపోయి మైక్రోస్కోప్ లేకుండానే కనిపించాలి. అది సరిచేసి, మొదటి పేజీ తీసేసి, ఎంత వరకు రాయగలిగితే అంత వరకే పంపించు. ఆదివారం లోపు వస్తే ఆ రోజే చదివి జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ అన్నయ్య