కెమెరా కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ మొదటి బోనసుతో కెమెరా కొనదలచావని, సోనీ ఏ7 ఫోర్ బాడీకి 24-70 లెన్సు జత చేసి తీసుకోవాలనుకొని దుకాణంలో బయానా ఇవ్వడానికి కూడా సిద్ధమయ్యావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆఫీసుకు వెళ్ళే దారిలో, సుల్తాన్ బజారులో, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో రోజూ కనిపించే మనుషులను, వారి పనులను ఫొటోలుగా, చిన్న వీడియోలుగా దాచిపెట్టాలన్నది నీ ఆలోచన అని కూడా చెప్పాడు. తాళపత్రాలకు, పాత దస్తావేజులకు ఫొటోలు తీస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపినదానిని కాబట్టి ఆ మాట విని ఎంతో గర్వపడ్డాను. అయితే ఫోను పెట్టేసే ముందు మీ నాన్న, “కొనేదేదో పెద్దదే కొనమన్నానక్కా, మళ్ళీ మళ్ళీ కొంటామా” అన్నాడు. ఆ ఒక్క మాటే ఈ ఉత్తరం వ్రాయిస్తోంది.

నీవు ఎంచుకున్నది చెడ్డ కెమెరా అని నేను అనడం లేదు. దాని బాడీ బ్యాటరీతో కలిపి 658 గ్రాములు, నీవు కోరుకున్న ఆ 24-70 లెన్సు (సోనీ జీ మాస్టర్ వరుసలో రెండో తరానిది) 695 గ్రాములు. రెండూ కలిపి కిలో మూడు వందల యాభై గ్రాములు. పెళ్ళిళ్ళు తీసి బ్రతికేవారికి ఆ బరువు వృత్తిలో భాగం. ఆరో నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్ దయాళ్ కాలంలో గాజు పలకలతో ఫొటోలు తీసేవారు. ఆ సామాను మోయడానికి మనుషులు ఉండేవారేమో కాని, మెట్రోలో నిలబడి ఆఫీసుకు వెళ్ళే నీకు లాప్‌టాప్ ఉన్న బ్యాగులోనే అది కూడా ఇమడాలి. మొదటి వారం మోస్తావు. తరువాత “ఇవాళ వద్దులే” అంటావు. నీవు తీయదలచిన విషయాలేమో సరిగ్గా ఆ “వద్దులే” అన్న రోజునే ఎదురవుతాయి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మన ఇంట్లోనే జరిగింది. 2010 ప్రాంతంలో మీ నాన్న చేతికి కొంత డబ్బు రాగానే, నేను వద్దంటున్నా వినకుండా, పెద్ద డీఎస్ఎల్ఆర్, రెండు జూమ్ లెన్సులు, ఫ్లాష్, వాటన్నిటికీ సరిపడే తోలు సంచి కొనితెచ్చాడు. అది వీడియో కూడా తీస్తుందని వచ్చినవారందరికీ చూపించేవాడు. మొదటి దసరాకు తీశాడు, ఎవరిదో గృహప్రవేశానికి తీశాడు, ఒక తిరుపతి ప్రయాణంలో మెడకు వేసుకొని మెడనొప్పి తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఖరీదైన వస్తువు, పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని, దానిని మెత్తని గుడ్డలో చుట్టి, తోలు సంచిలో పెట్టి, పట్టుచీరల పక్కన ఇనుప బీరువాలో తాళం వేశాడు. పురుగు పట్టకూడదని మీ అమ్మ ఆ సంచిలో నాలుగు కలరా ఉండలు వేసింది. నీవు ఒకసారి కెమెరా చూపించమని ఏడిస్తే, “పెద్దయ్యాక నీకే ఇస్తాను” అన్నాడు వాడు.

కొన్ని వానాకాలాలు అలాగే గడిచాయి. నీ ఓణీల వేడుకకు దానిని బయటికి తీస్తే, ప్రతి ఫొటో మంచు పట్టినట్టుగా వచ్చింది. లెన్సును టార్చి వెలుగులో పట్టుకొని చూశాను. లోపలి అద్దం మీద సన్నని సాలెగూడులా ఫంగస్ అల్లుకొని ఉంది. చీకటి, గాలి ఆడకపోవడం, తేమ, ఈ మూడూ కలిస్తే దానికి చాలు. తోలు, గుడ్డ తేమను పట్టి ఉంచి దానికి సాయం చేస్తాయి. కలరా ఉండలను కెమెరా దగ్గర పెట్టవద్దని తయారీదారుల పుస్తకాలలోనే వ్రాసి ఉంటుంది, కాని ఆ పుస్తకం కూడా బీరువాలోనే ఉంది. కోఠిలో లెన్సులు విప్పి శుభ్రం చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకొని వెళితే, ఫంగస్‌ను తుడవవచ్చు కాని అది విడిచే ఆమ్లం అప్పటికే అద్దం మీది పూతను తిన్నదని, ఆ మచ్చ పోదని చెప్పాడు.

లెన్సు పోతే పోయింది. నన్ను ఇప్పటికీ బాధించేది వేరే. ఆ సంవత్సరాలలో మీ నాయనమ్మ ఇంకా మన మధ్యనే తిరుగుతోంది. బతుకమ్మ రోజులలో గునుగు, తంగేడు పువ్వులు పేరుస్తూ ఆమె పాడిన పాటలు వాళ్ళ ఊరివి, వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్నవి; వరుసలు వేరు, మాటలు వేరు. వీడియో తీయగల కెమెరా పక్క గదిలోనే తాళంలో ఉండగా, ఆ పాటల్లో ఒక్కటి కూడా రికార్డు కాలేదు. ఆమె ఫొటోలు మన దగ్గర ఉన్నాయి, గొంతు లేదు. మీ నాన్నను నిందించడానికి ఇది వ్రాయడం లేదు, వాడికి నాకంటే ఎక్కువ బాధ. అయినా “పెద్దదే కొనమన్నాను” అని మళ్ళీ అన్నాడంటే, తప్పు ఎక్కడ జరిగిందో వాడికి ఇంకా తెలియలేదన్నమాట.

అందువల్ల నీవు కెమెరాను చూసేటప్పుడు నేను ముందుగా అడిగే ప్రశ్నలు అందరూ అడిగేవి కావు. అది రోజూ నీతో వస్తుందా, మనుషుల మాటను సరిగ్గా వింటుందా అన్న రెండే అడుగుతాను. మెగాపిక్సెళ్ళ గురించి ఆలోచించకు, ఇప్పుడు వస్తున్నవన్నీ నీ అవసరానికి మించే ఇస్తాయి.

మొదటి ప్రశ్నకు సమాధానం ఏపీఎస్-సీ అనే మధ్యరకం సెన్సార్ (కాంతిని పట్టి బొమ్మగా మార్చే పలక) ఉన్న చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, అంటే డీఎస్ఎల్ఆర్‌లా లోపల అద్దం లేనిది. నీవు అనుకున్న కెమెరాలోని ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సుమారు 23.5×15.7 మిల్లీమీటర్లు, వైశాల్యంలో తేడా రెండింతలకు పైగానే ఉంది కాబట్టి మసక వెలుతురులో పెద్దదానికి పైచేయి ఉన్న మాట నిజమే. కాని ఆ లోటును చాలావరకు లెన్సుతో పూడ్చుకోవచ్చు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు పడుతుంది. ఎఫ్ 1.7 ఉన్న చిన్న ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ లేనిది, కెమెరాతో పాటు వచ్చే, ఎఫ్ 3.5 దగ్గర మొదలయ్యే కిట్ జూమ్ కంటే నాలుగు రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి పంపుతుంది. బాడీ మీద తగ్గించిన డబ్బు అక్కడ పెట్టు. 2008లో పానసోనిక్, ఒలింపస్ కలిసి మొదలుపెట్టిన మైక్రో ఫోర్ థర్డ్స్ ఇంకా చిన్న సెన్సార్, లెన్సులు ముచ్చటగా ఉంటాయి. నీవు సాయంత్రం ఆఫీసు అయ్యాక చీకట్లోనే ఎక్కువగా తీస్తావు కనుక నేను దానిని ఒక మెట్టు కింద పెడుతున్నాను.

వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ, లేని కెమెరా మాత్రం కొనవద్దు, ఈ విషయంలో నాతో వాదించకు. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30, ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎమ్5 చవకగా, తేలికగా, అందంగా ఉంటాయి, కాని వాటిలో దేనికీ వ్యూఫైండర్ లేదు. మే నెల మధ్యాహ్నం చార్మినార్ ముందు నిలబడి వెనుక తెర చూడబోతే నీ ముఖం తప్ప ఏమీ కనిపించదు. జెడ్‌వీ-ఈ10 రెండో తరానికి మెకానికల్ షట్టర్ (సెన్సార్ ముందు నిజంగా కదిలే తెర) కూడా తీసేశారు, అందువల్ల నాంపల్లి నుమాయిష్‌లో ఎల్ఈడీ దీపాల కింద ఫొటోలు తీస్తే కొన్నిసార్లు అడ్డంగా చారలు పడతాయి. తనను తాను చిత్రించుకుంటూ మాట్లాడేవారికి అవి సరిపోతాయి. నీవు ఎదుటివారిని చూడదలచిన మనిషివి.

ఇక మిగిలినవాటిలో కెనాన్ ఆర్50 బ్యాటరీతో కలిపి 375 గ్రాములు, దానికి 120 గ్రాముల ఆర్ఎఫ్ 28 ఎఫ్ 2.8 లెన్సు పెడితే మొత్తం అరకిలో లోపే. మైకు పెట్టుకునే రంధ్రం ఉంది, హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు. సోనీ ఏ6700, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ50 బాడీలలోనే కుదుపును ఆపే ఏర్పాటు ఉంది, ధర కూడా ఆ మేరకు ఉంటుంది. నా ఓటు 2024 చివర వచ్చిన నికాన్ జెడ్50 టూకి. బాడీ 550 గ్రాములు, దానికి సరిపోయే 24 ఎఫ్ 1.7 లెన్సు 135 గ్రాములు. రెండూ కలిపి 685, అంటే నీవు అనుకున్న జతలో సగం. దానితో వచ్చే 16-50 కిట్ లెన్సు కూడా 135 గ్రాములే, అది కుదుపును కొంత ఆపుతుంది, కనుక దానిని వద్దనకు. ఎండలో కూడా కనిపించే కాంతివంతమైన వ్యూఫైండర్ ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది. నా ఓటు అటు పడడానికి అసలు కారణం ఇదే: రికార్డు అవుతున్న గొంతును ఆ క్షణంలోనే నీ చెవితో వినగలవు. ఎదుటి పెద్దావిడ పాట అయిపోయాక మైకు వైరు ఊడి ఉందని తెలిస్తే మళ్ళీ పాడమని అడగలేవు, అడిగినా అదే పాట రాదు.

బాడీలో కుదుపు ఆపే ఏర్పాటు దానికి లేదు, ఆ సంగతి దాచను. నడుస్తూ తీయవద్దు. మోచేతులు పక్కలకు ఆనించి, వీలైతే గోడకు చేరబడి, పది సెకన్లు కదలకుండా పట్టుకోవడం నేర్చుకో. చార్మినార్, గోల్కొండ వంటి పురావస్తు శాఖ కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి కాబట్టి గోడే నీకు ట్రైపాడ్. కెమెరాలోని మైకును నమ్ముకుంటే ఆటోల హారన్లు తప్ప ఏమీ మిగలవు. మాట్లాడేవారి కొంగుకో చొక్కాకో తగిలించే చిన్న వైర్‌లెస్ మైకు తప్పక కొనుక్కో.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది, ట్యూబులైట్లు సెకనుకు నూరుసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. వీడియోను సెకనుకు 25 ఫ్రేములకు పెట్టి, షట్టర్ వేగాన్ని సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచితే ఇరానీ హోటల్లో తీసినా వెలుతురు ఆడదు. తరువాత కంప్యూటరులో రంగులు దిద్దుకోవడానికి వెలిసినట్టుగా తీసే లాగ్ ప్రొఫైల్ జోలికి మొదటి సంవత్సరం పోకు. సెకనుకు వంద మెగాబిట్ల చొప్పున 4కే రికార్డయితే గంటకు 45 జీబీ నిండుతుంది కనుక వీడియోకు సరిపడే వేగాన్ని తెలిపే వీ30 గుర్తు ఉన్న 128 జీబీ కార్డులు రెండు తీసుకో. ఇంటికి రాగానే రెండు వేర్వేరు డిస్కులలోకి ఎక్కించు. రెండోచోట చేరేవరకు కార్డు చెరపకు. అడగకుండా ఎవరి ముఖాన్నీ దగ్గరగా తీయకు, నీవు ఒంటరిగా ఉన్న ఆడపిల్లవన్న సంగతి మరవకు, చీకటి పడ్డాక తెలియని గల్లీలోకి ఎంత మంచి వెలుతురు కనిపించినా వెళ్ళకు. కెమెరా పట్టీ ఎప్పుడూ మణికట్టుకు ఉండాలి.

దాచడం గురించి నేను చెప్పకుండా ఉండలేను. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు ఉంటే చాలు. ముల్లు 40 శాతానికి, 50 శాతానికి మధ్య ఉండాలి. సిలికా జెల్ నీలి గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఏసీ కారులో నుంచి వాన గాలిలోకి దిగిన వెంటనే సంచి తెరవకు, లెన్సు మీద నీరు పడుతుంది. కాసేపు మూసే ఉంచు. బీరువాలో పెట్టానని ఎప్పుడైనా విన్నానంటే నేనే వచ్చి తీసుకొనిపోతాను.

బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, ఇండియా వారంటీ, ఈ మూడూ లేకుండా ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. పాత లెన్సు కొంటే టార్చి వేసి చూడు. నీకు చేతకాకపోతే నా దగ్గరికి తీసుకొని రా.

ప్రస్తుతానికి బయానా ఇవ్వకు. శనివారం ఉదయం పదకొండు గంటలకు ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు ఉంటాను. రోజూ ఆఫీసుకు తీసుకొని వెళ్ళే బ్యాగునే తీసుకొని రా, లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా అన్నీ అందులో ఉండాలి. కెమెరాను వాటి మధ్య పెట్టి జిప్పు పడుతుందో లేదో చూద్దాం. నికాన్ పట్టకపోతే ఆర్50 తీసుకుందాం, హెడ్‌ఫోన్ సంగతి తరువాత ఆలోచిద్దాం. మీ నాన్నను మాత్రం వెంట తీసుకొని రావద్దు.

ఆశీస్సులతో,
మీ మేనత్త