ప్రకృతి పాఠాలు చెప్పే పనితో తిరుపతిలో ఇల్లు గడుస్తుందా? నా తొమ్మిదేళ్ళ అనుభవం

బోటనీలో డిగ్రీ చేశానని, పిల్లలకు చెట్లూ పక్షుల గురించి చెప్పే పని చేయాలని ఉందని, తిరుపతిలో దానితో బతకగలనా, ‘సింపుల్‌గా బతకడం’ అంటే రోజువారీ ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. బతకొచ్చు. అయితే మొదటి రెండేళ్ళు కష్టం. అది ముందే చెప్పేస్తే మంచిది.

నేను చంద్రగిరి దగ్గర ఉంటాను. నెలకు పది, పన్నెండు స్కూల్ సెషన్లు దొరుకుతాయి, ఒక్కోదానికి 1,500 రూపాయలు తీసుకుంటాను. ప్రభుత్వ బడుల్లో బస్సు చార్జీ ఇచ్చినా చాలు. ఫిబ్రవరి, మార్చి వస్తే పరీక్షల టెన్షన్‌లో ఎవరూ పిలవరు, ఆ వెంటనే వేసవి సెలవులు. ఎనిమిది నెలల సంపాదనతో పన్నెండు నెలలు గడపాలి. నా నిరాడంబర జీవితం ఈ లెక్క దగ్గరే మొదలైంది.

దానికి వేరే అర్థం ఒక పాప వల్ల తెలిసింది. మొదటి ఏడాది ఒక బడిలో ప్లాస్టిక్ గురించి గంటసేపు మాట్లాడి, గొంతు ఎండిపోయి, బస్టాండులో కొన్న వాటర్ బాటిల్ తీశాను. ఐదో తరగతి పాప దగ్గరకొచ్చి, “అక్కా, అది తాగేశాక ఎక్కడ పడేస్తావు?” అని అడిగింది. తప్పు పట్టాలని కాదు, తెలుసుకోవాలనే అడిగింది. నాకు జవాబు లేదు. మనం చెప్పే మాటకన్నా మన సంచిలో ఏముందో పిల్లలు ఎక్కువ చూస్తారు. ఆ సాయంత్రమే స్టీల్ బాటిల్ కొన్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఇంటి సంగతి. రెండు గదుల పాత మిద్దె, అద్దె 4,500. ఏసీ లేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, రాత్రి మిద్దె మీద పడుకుంటాను. రాగి సంకటి, ఆకుకూర పప్పు, ఉలవచారు, మజ్జిగ ఇవే ఎక్కువ. తలకు కుంకుడుకాయలే. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోస్తాను. దగ్గరి ఊళ్ళకు సైకిల్, దూరమైతే ఆర్టీసీ బస్సు. వీటిలో ఏదీ నాకు త్యాగంగా అనిపించదు, మా అవ్వ ఇలాగే బతికింది. కానీ హెల్త్ ఇన్సూరెన్స్, మంచి బూట్లు, బైనాక్యులర్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మొదట్లో ఇన్సూరెన్స్ లేక, డెంగ్యూ వచ్చినప్పుడు దాచుకున్నదంతా ఒక్క వారంలో పోయింది.

పాఠానికి ఖర్చే అక్కర్లేదు. ఇక్కడి పిల్లలకు ఎర్రచందనం అంటే దుంగలు, లారీలు, పోలీసులు. నిలబడి ఉన్న చెట్టును ఎంతమంది చూశారని అడిగితే రెండు మూడు చేతులే లేస్తాయి. అందుకే ఊళ్ళో నాటిన చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి బెరడు తాకమంటాను. నల్లగా, మొసలి చర్మంలా పలకలుగా పగిలి ఉంటుంది. కాయలు దొరికే కాలమైతే ఏరమంటాను. నడుమ గింజ, చుట్టూ గుండ్రటి రెక్క. గాలిలోకి ఎగరేసి ఎంత దూరం పోయిందో అడుగులతో కొలుస్తారు. ఆ తర్వాతే చెబుతాను, ఈ చెట్టు దానంతటది పెరిగేది ప్రపంచం మొత్తంలో మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టుపక్కల అడవుల్లోనే అని. అప్పటిదాకా అల్లరి చేసినవాళ్ళు కూడా మళ్ళీ ఒకసారి చెట్టు వైపు చూస్తారు. ఆ చూపు కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగినప్పుడు, నీళ్ళు తగ్గాక పిల్లలతో వాళ్ళ వీధి మ్యాప్ గీయించాను. కొండ మీద పడ్డ వాన ఏ వాగులోంచి ఏ చెరువుకు రావాలి, దారిలో ఇప్పుడు ఏముంది? కొందరు తమ ఇల్లే ఆ గీత మీద ఉందని కనుక్కున్నారు. ఆ రోజు నేను మాట్లాడింది చాలా తక్కువ.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ఒక ప్రైవేటు స్కూలు మూడు నెలలు పాఠాలు చెప్పించుకుని ఫీజు ఎగ్గొట్టింది. అప్పటినుంచి సగం అడ్వాన్స్ లేనిదే ప్రైవేటు స్కూళ్ళలో మొదలుపెట్టను. ఇంకో మాట, అనుమతి లేకుండా పిల్లల్ని శేషాచలం కొండ అడవిలోకి తీసుకెళ్ళకండి. అది జాతీయ ఉద్యానం, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతం కూడా. బంగారు బల్లిని చూపించమని పిల్లలు పోరు పెడతారు. అది రాళ్ళ నెర్రెల్లో దాక్కుని రాత్రిపూట తిరిగే జీవి. టార్చిలతో వెంటపడటం దానికి హింస. ఫొటో చాలు.

ఉద్యోగం ఉంటే వెంటనే మానకండి, ఆదివారాలతో మొదలుపెట్టండి. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకోండి. చలికాలంలో దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళండి. చెరువులోని కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళున్నాయి, గూటిలోని పిల్లలకు పక్షులు మేత పెట్టేది ఎప్పుడెప్పుడు, అన్నీ రాసుకోండి. నేను మొదటిసారి హెడ్మాస్టర్ గది తలుపు తట్టినప్పుడు నా చేతిలో ఉన్నది అలాంటి నోట్‌బుక్కే.